కళకు కళాయి

సంక్రాంతి వెళ్లిన వారం. మహబూబాబాద్‌లో పెళ్లి ముగిసింది. అక్కడి నుంచి హైదరాబాద్ నాలుగు గంటల దారి. పెళ్లికి వచ్చిన దంపతులు దాన్ని రోజంతా సాగదీశారు. ఆయనది తెనాలి పక్క ఊరు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరికి వెళ్లినా ముందు మ్యూజియం ఎన్నింటికి తెరుస్తారని అడుగుతారు. ఆమెది పాలకుర్తి దగ్గర పల్లె. బడిలో తెలుగు చెప్పారు. ఈ ఊళ్లో ఏం వండుకుంటారన్నది ఆమె మొదటి ప్రశ్న. కారు డిక్కీలో ఆమె చిన్నమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా, సర్వపిండి మూట, గోనెసంచిలో చుట్టిన పాత ఇత్తడి సర్వ ఒకటి ఉన్నాయి. రోజంతా సాగిన వాదానికి ఆ గిన్నే మూలమని బయలుదేరేటప్పుడు ఇద్దరికీ తెలియదు.

డోర్నకల్, పొద్దున

ఆయన: మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ. ఒక్క రోజులో మూడు జిల్లాలు. నా జాబితాలో మాత్రం ఒక్క మ్యూజియమూ లేదు. కళ చూద్దామని బయల్దేరి, చివరికి చర్చి ముందు నిలబడ్డాం.

ఆమె: జాబితాల లేకుంటే కళ లేనట్టేనా? ముందుగాల తలెత్తి చూడండి.

ఆయన: చూస్తున్నాను. గుమ్మటాలు, మినార్లు మసీదు వైపు లాగుతున్నాయి. లోపలి రాతి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తున్నాయి. పైన సిలువ. ఇంత వింత కట్టడానికి మనలాంటివాళ్ల కోసం నాలుగు మాటలు రాసిపెట్టేవాళ్లుండాలి. అజరయ్య అనే తమిళుడు తిరునెల్వేలి సీమ నుంచి ఇక్కడికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఏళ్ల తరబడి కట్టించిన ఈ చర్చి 1939లో పూర్తయింది. ఇవన్నీ నేను ఇంట్లో చదువుకుని వచ్చాను కాబట్టి తెలిసింది. చదవనివాడికి ఇది వింత గుమ్మటాల చర్చి, అంతే.

ఆమె: చదవనోనికి ఇది ఆదివారం వచ్చే జాగ. గంట కొడితే వస్తరు, పాటలు పాడుకుంటరు, పిల్లల పెండ్లిళ్లు చేసుకుంటరు. మీరు చెప్పిన బిషప్పు గుడిలెక్క, మసీదులెక్క ఎందుకు కట్టిండు? ఇక్కడి మనిషి లోపలికి వస్తే పరాయి ఇంటికి వచ్చినట్టు ఉండొద్దనే గదా. ఆ ముచ్చట బోర్డు మీద రాస్తే తెలుస్తదా, లోపల చాప మీద కూసుంటే తెలుస్తదా?

ఆయన: రెండూ కావాలంటాను. కూర్చున్నవాళ్లకు అనుభవం మిగులుతుంది, రాసిపెట్టినవాళ్ల వల్ల చరిత్ర మిగులుతుంది. పొద్దున కురవి మీదుగానే వచ్చాం కదా. తెలుగు వచనం రాతి మీద కనిపించే పాత శాసనాల్లో కొరవి గద్య శాసనం ఒకటి. పదో శతాబ్దంది. నన్నయకు ముందే మన భాష వచనంలో నడిచిందనడానికి అది సాక్ష్యం. కానీ కురవి వీరభద్రుడికి మొక్కడానికి వచ్చే వేలమందిలో దాని పేరు విన్నవాళ్లు ఎందరు? ఇలాంటి శాసనపు రాళ్లు గుళ్ల దగ్గరుంటే జనం నూనె పోస్తారు, బొట్టు పెడతారు. అక్షరం అరిగిపోతుంది.

ఆమె: బొట్టు పెట్టబట్టే ఆ రాయి ఎవరి ఇంటి ముందటనో మెట్టుబండ కాలేదు. మొక్కని శాసనాలు ఎన్ని బట్టలుతికే బండలయినయో చూసుకోండి.

ఆయన: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి.

బయ్యారం చెరువు, పలారం వేళ

కట్ట మీద చెట్టు నీడన మూట విప్పారు. సర్వపిండి చల్లారినా అంచులు కరకరలాడుతున్నాయి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడ ముక్కలు, కరివేపాకు. వేలితో పెట్టిన చిల్లుల చుట్టూ నూనె ఎర్రగా కాలిన వలయాలు.

ఆయన: తపాలచెక్క బ్రహ్మాండంగా ఉంది.

ఆమె: సర్వపిండి.

ఆయన: మా అమ్మ తపేలాలో ఒత్తి చేసేది. అందుకే తపాలచెక్క.

ఆమె: మా అవ్వ సర్వల ఒత్తి చేసేది. అందుకే సర్వపిండి. చూసిన్రా, మీ దాంట్లనూ మా దాంట్లనూ తినే వస్తువుకు గిన్నె పేరే వచ్చింది. సర్వ అడుగు గుండ్రంగ ఉంటది. పిండి లోపలి గోడకు పలుచగ అద్దాలె. ఒకటి కాలినంక గిన్నె సల్లారితేనే రెండోది అద్దొచ్చు, లేకుంటే చెయ్యి కాలుతది. అందుకే రెండు సర్వలు పెట్టుకునేటోళ్లు, ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్లల్ల. ఇప్పుడందరం నాన్‌స్టిక్ పెనం మీద చేస్తున్నం. సర్వ పోయింది. పేరు మాత్రం నోట్ల ఉన్నది. ఇంతకన్న గట్టి మ్యూజియం ఏది?

ఆయన: పేరు మిగలడం సరే. ఆ గుండ్రటి అడుగు వంపు ఎంత, లోహం ఎంత మందం, చేసినవాళ్లు ఎవరు? ఇవి నోట్లో మిగలవు. వస్తువు ఉండాలి. ఈ చెరువునే చూడు. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిందని మనకెలా తెలుసు? శాసనం చెప్పింది. కాకతీయుల వంశక్రమంలో తొలి పేర్లు చాలావరకు బయటపడింది బయ్యారం శాసనం వల్లే. దాన్ని శాసన పరిశోధకులు చదివి, అచ్చు వేసి భద్రం చేశారు. నీళ్లు తాగినవాళ్లెవరూ చదవలేదు.

ఆమె: సరే. మరి చెరువు ఎట్ల మిగిలింది? ఎనిమిది వందల ఏండ్లు ఏ అద్దాల పెట్టెల దాచిన్రు? నీళ్లు పారాలె కాబట్టి కట్ట తెగితే ఊరోళ్లంత గంపలు పట్టుకొని వచ్చిన్రు. వాడకమే కావలి కాసింది.

ఆయన: అదే వాడకం చెరువుల్లో పూడికా నింపింది. తెలంగాణలో వేల చెరువులు ఒండ్రుతో నిండి, శిఖం భూముల్లో సాగు మొదలై, సగం సగం అయిపోతేనే కదా 2015లో మిషన్ కాకతీయ పేరుతో మళ్లీ పూడిక తీయాల్సి వచ్చింది. వాడకం ఒక్కటే కాపాడగలిగితే ఆ పథకం అవసరమే లేదు. వాడేవాడికి ఈ ఏడాది నీళ్లే కనిపిస్తాయి. వందేళ్ల తరవాతి సంగతి ఆలోచించడానికి వేరే మనిషి ఉండాలి.

ఆమె: ఆ పూడిక మట్టి రైతులే బండ్లకు ఎత్తుకొని పొలాలకు తోలుకున్నరు. గది మర్చిపోవద్దు.

ఆయన: మర్చిపోను. కానీ ఎవరో ముందు పూడిక ఉందని కొలిచి లెక్క రాశారు. అదీ మర్చిపోవద్దు.

సకినాల డబ్బా తెరుచుకోవడంతో వాదానికి కాస్త విరామం దొరికింది. ఆయన ఒక సకినాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, వలయం లోపల వలయం ఎక్కడ మొదలైందో వెతికారు. పచ్చి పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్టుకుంటూ పోవడమే సకినం. గీత ఎత్తకుండా వేసే ముగ్గు లాంటిది. మూడు చుట్లు చుట్టారా, నాలుగా అన్నదాన్ని బట్టి చుట్టిన చెయ్యి ఎవరిదో ఆ ఇంటి ఆడవాళ్లు చెప్పేస్తారు.

ఘనపురం కోటగుళ్లు, మధ్యాహ్నం

ఆయన: ఇక్కడ మాత్రం నా వాదమే గెలుస్తుంది. పాలంపేట రామప్ప ఇక్కడికి దగ్గరే. అదీ ఇదీ గణపతిదేవుడి కాలానివే, ఒకే శిల్పసంప్రదాయానివే. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బస్సులు కట్టుకుని వస్తున్నారు. ఈ గణపేశ్వరాలయం చుట్టూ ఇరవైకి పైగా చిన్న గుళ్లు, రెండు వరుసల ప్రహరీ. ఇంతటి సముదాయంలో ఇవాళ మనతో కలిపి ఉన్నది ఆరుగురం. ఆ ఉత్తరం వైపు మదనికలను చూడు. ఆ గజకేసరిని చూడు, ఏనుగు మీద సగం మనిషి, సగం సింహం. ఎండ, వాన, గబ్బిలాలు. వీటిని తీసుకెళ్లి హైదరాబాద్‌లో చల్లని గదిలో, సరైన దీపం కింద పెడితే ఏం పోయింది?

ఆమె: ఆ పిల్ల ఎట్ల నిలబడ్డదో చూసిన్రా?

ఆయన: స్తంభం నుంచి కప్పు దాకా ఏటవాలుగా. నడుము వంచి.

ఆమె: ఎందుకట్ల?

ఆయన: కప్పు రాతికి ఊతంలా కనిపించాలని. కింద నిలబడి తలెత్తిన మనిషికి అందం తెలియాలని.

ఆమె: అంటే మన మెడ నొస్తెనే ఆమె అందం. ఆమెను దించి, పీట మీద నిలబెట్టి, మీ కంటికి సమానంగ పెడితే ఆ వంపుకు అర్థమే ఉండదు. ఎందుకు వంగిందో తెలియని మనిషిలెక్క ఉంటది. పైన మోసేదానికి బరువు లేదు, కింద నిలబెట్టిన స్తంభం లేదు.

ఆయన: సాలార్‌జంగ్‌లో మేలిముసుగు రెబెకా ముందు పెళ్లయిన కొత్తలో నువ్వు అరగంట నిలబడ్డావు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. అది తన చోటు విడిచి వచ్చినందుకు నీకు బాధ కలగలేదు.

ఆమె: అది అమ్ముడుకే చేసిన బొమ్మ. ఎవరింటికి పోతే అదే దాని ఇల్లు. ఇది ఈ స్తంభం కోసం చేసిన బొమ్మ. ఆ రెండు ఒక తీరువి కావు.

ఆయన: ఒప్పుకున్నాను. మరి అటు చూడు. పడిపోయిన స్తంభాల ముక్కలు. వీటి గుడి కూలిపోయింది. ఏ ముక్క ఏ గోడదో ఎవరికీ గుర్తు లేదు. వీటికి ఇల్లేది?

ఆమె: వాటికి మీ చల్లని గది ఇస్త. ఇల్లు పోయినోళ్లకు సత్రం కావాలె. ఇల్లున్నోళ్లను సత్రానికి తోలొద్దు.

రోడ్డు పక్క హోటల్లో జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు చెప్పారు. దారి పొడుగునా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కొన్నిచోట్ల పొడుగు కాయ, కొన్నిచోట్ల బొద్దుగా టమాటాలా ఉన్న చపాటా కాయ.

ఆయన: కూర ఇంత ఎర్రగా ఉంది, నాలుక మండడం లేదేమిటి?

ఆమె: చపాటా మిర్చి. కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకు దీన్నే అడుగుతరు.

ఆయన: 2025లో వరంగల్ చపాటాకు జీఐ గుర్తింపు ఇచ్చారు. చూశావా, పేరు రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఫలానా నేలలో పండితేనే ఈ పేరు చెల్లుతుంది. అదీ ఒక రకం మ్యూజియమే. నువ్వు కాదన్న కాగితమే రైతుకు రేపు ధర తెచ్చిపెడుతుంది.

ఆమె: కాగితం ధర తెస్తది, విత్తనం తేదు. రిజిస్టర్‌ల పేరు ఉన్నది కదా అని నాలుగేండ్లు విత్తనం అలుకకుండ డబ్బాల పెట్టి చూడండి. మొలుస్తదా? మంచి కాయ ఏరి, ఎండబెట్టి, ఏడాదికొకసారి భూమిల పడేస్తెనే అది ఉంటది. విత్తనం దాచిపెడితే ఉండేది కాదు, వాడితే ఉండేది.

ఆయన: కానీ మంచి కాయ ఏరడమంటే ఏమిటి? ఇది ఉంచాలి, ఇది వద్దు అని ఎంచడం. ఏరి పక్కన పెట్టిన విత్తనపు కాయను కూరలో వేయరు కదా. ఆకలేసినా ముట్టని గంప ఒకటి ప్రతి రైతింట్లో ఉంటుంది. నా మ్యూజియం ఆ గంపే.

ఆమె పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగి, జవాబు చెప్పలేదు. నచ్చిన మాటకు ఆమె అలాగే చేస్తారు.

పాండవుల గుట్ట, ఎండ వాలాక

రేగొండ మండలంలో ఆగారు. మోకాళ్లు ఒప్పుకున్నంత మేర ఎక్కారు. ఇసుకరాతి చరియలు పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి సర్దిన పుస్తకాల్లా ఉన్నాయి. చరియ కింద నీడలో జేగురు రంగు బొమ్మలు. అడవిదున్న, దుప్పి, పులి, చేతి గీతలు, వలయాలు.

ఆయన: ఇక్కడ వాడకం వాదం పనిచేయదు. ఈ బొమ్మలు వేసినవాళ్ల భాష లేదు, వంశం లేదు, వంట లేదు. మధ్యరాతియుగం నుంచి మధ్యయుగం దాకా ఎవరెవరో వేసుకుంటూ వచ్చారు. పరిశోధకుల కంటపడింది 1990లో. దీనికి మొక్కేవాళ్లు లేరు, దీన్ని పారించే పొలాలు లేవు. వేల ఏళ్లు ఎవరూ రాకపోవడమే దీన్ని కాపాడింది. మనం వచ్చాం కాబట్టి ఇక ప్రమాదం. ఏ కొండకు వెళ్లినా చూడు, బొమ్మ పక్కన ఎవడో తన పేరు, బాణం గుచ్చిన గుండె. ఇక్కడ కావాల్సింది వాడకం కాదు. కంచె, కాపలాదారు, ముట్టుకోవద్దన్న బోర్డు.

ఆమె: పేరు ఎవరు పెట్టిన్రు?

ఆయన: దేనికి?

ఆమె: గుట్టకు. పాండవుల గుట్ట. అటు గొంతెమ్మ గుహ. గొంతెమ్మంటే కుంతమ్మ. చుట్టుపక్క ఊరోళ్లు పెట్టిన్రు. అరణ్యవాసంల పాండవులు ఇక్కడ తలదాచుకున్నరని చెప్పుకున్నరు.

ఆయన: చరిత్ర ప్రకారం తప్పు పేరు.

ఆమె: తప్పు పేరే. అయినా కావలి పేరు. భీముడు నడిచిన బండ అనుకుంటే గొర్లకాపరి సుత్తె పెట్టడు. మధ్యకాలంల ఎవరో వచ్చి నిజంగనే పాండవుల బొమ్మలు కూడ వేసిపోయిన్రు. ముందటి దున్న బొమ్మకు తోడు ధర్మరాజు వచ్చి చేరిండు. ఇదే వాడకం. కథ అతికించి వాడుకున్నరు.

ఆయన: సరే, ఇంకో అడుగు వేద్దాం. ఇప్పుడు ఇంకొకడు వచ్చి, నాకూ ఒక కథ ఉంది, నేనూ బొమ్మ వేస్తానని రంగు డబ్బా తెస్తే? మధ్యయుగం వాడిని మెచ్చుకుని, వీణ్ని పోలీసులకు పట్టిస్తావా?

ఆమె: (కాసేపాగి) పట్టిస్త.

ఆయన: ఎందుకు?

ఆమె: అప్పటోనికి బండ ఒక్కటే దొరికింది. ఇప్పటోనికి కాగితం ఉన్నది, గోడ ఉన్నది, ఫోనున్నది. బండను విడిచిపెట్టినా వాని కథ ఆగదు. మీదే గెలుపు, ఇక్కడ. ఈ ఒక్క గుట్ట వరకే.

జనగామ దారి, చీకటి పడుతూ

ఆయన: గెలుపు ఊపులో ఉన్నాను, ఇంకోటి చెప్పనీ. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది కానీ జనగామకు దగ్గరే. అక్కడి నకాషీ చిత్రకారుల పటాలు గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. పద్మశాలీల కథ చెప్పే కూనపులివాళ్లు, ఇంకా ఇతర కులాల కథలు చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపిస్తూ పాడేవాళ్లు. ఖద్దరు మీద చింతగింజల గంజి, సుద్దమట్టి పూతలు వేసి, ఆ పైన ఎర్ర రంగు నేపథ్యం. నీ లెక్కన అది నిఖార్సయిన వాడకం కళ. మరి పటం పాతబడితే ఏం చేసేవాళ్లు?

ఆమె: కర్మకాండ చేసినట్టు చేసి నీళ్లల్ల కలిపేటోళ్లు.

ఆయన: ఎంత భక్తి, ఎంత నష్టం! అందుకే పాతవి దొరకవు. దొరికిన కొన్నిటిలో 17వ శతాబ్దపు పటం జగదీశ్ మిత్తల్ సేకరణలో ఉండబట్టి మనకు తెలుసు. చిత్రకారుడు, కళ తెలిసినవాడు. ఎవరో పాతదని వదిలేసేదాన్ని ఆయన ఏరి పెట్టుకున్నాడు. విత్తనపు గంప.

ఆమె: నీళ్లల్ల కలిపిన పటం బదులు కొత్త పటం గీసేటోడు ఉండేటోడు గదా. పాతది పోతెనే కొత్తది చేయించేది. నకాషోళ్లకు పని దొరికేది. అన్నీ దాచిపెడితే ఎవరు గీయించుకుంటరు? మీ మిత్తల్ ఒక పటాన్ని కాపాడిండు. నీళ్లల్ల కలిపిన ఆచారం ఒక చేతిని కాపాడింది. ఏది పెద్దది?

ఆయన: ఆ కథలు చెప్పించుకునే ఊళ్లు తగ్గిపోయాయి. చెయ్యి ఇప్పుడు మాస్కులు, బొమ్మలు, గోడ పటాలు చేస్తోంది. అంటే ఇంటి గోడ అనే చిన్న మ్యూజియం కోసమే చేస్తోంది. నన్ను తిట్టుకుంటూ నాలాంటివాళ్ల వల్లే బతుకుతోంది.

ఆమె: అది నిజం. నాకు నచ్చని నిజం.

పెంబర్తి, దీపాలు పెట్టిన వేళ

హైవే పక్క దుకాణం. లోపల వెనకగదిలో టకటకమని సన్నటి దెబ్బలు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచి, లక్క పరుపు మీద ఆనించి, ఉలితో గీత వెంట గీత దిగగొడుతున్నారు. గోడకు బతుకమ్మ ఫలకాలు, కాకతీయ తోరణం నమూనాలు, సన్మానాలకు ఇచ్చే జ్ఞాపికలు. కింద ఒక పక్క దేవుడి ప్రభావళి సగం చెక్కి ఉంది.

ఆయన: నిజాం కాలంలో ఇక్కడివాళ్లు పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు, కూజాలు చేసేవాళ్లు. నవాబుల ఇళ్లు పోయాయి, పాన్‌దాన్ పోయింది. వాడకం ఆగిపోయినా చెయ్యి ఎలా మిగిలింది? గోడకు తగిలించుకునే ఫలకాలతో, జ్ఞాపికలతో. చూడ్డానికే పనికొచ్చే వస్తువు ఇక్కడ కొన్ని ఇళ్లల్లో అన్నం పెడుతోంది.

ఆమె: ఇటు ప్రభావళి చూడండి. గుళ్ల ధ్వజస్తంభాలకు తొడుగులు, దేవుని వాహనాలు, తలుపుల మీది రేకులు. కాకతీయుల కాలం నుంచి విశ్వకర్మలు చేసిన పని ఇదేనంటరు. ఇది వాడకమే. అయినా మీకొక ముచ్చట చెప్పాలె. పొద్దుటి నుంచి చెప్పొద్దని ఆపుకున్న.

ఆయన: చెప్పు.

ఆమె: మా ఇంట్ల మా అవ్వకు ఇత్తడి గంగాళం ఉండె. ఇద్దరు పిల్లలు కూసోని తానం చెయ్యొచ్చు. చెంబులు, బిందెలు, రెండు సర్వలు. నాకు తొమ్మిదేండ్లప్పుడు స్టీలు సామానోడు వచ్చిండు. తూకమేసి అన్నీ తీస్కపోయిండు. బదులు ఆరు పళ్లాలు, నాలుగు గ్లాసులు ఇచ్చిండు. మా అమ్మకెంత సంబురమో! రోజు చింతపండు పెట్టి తోమే బాధ తప్పింది. నేను కూడ మెరిసే గ్లాసు పట్టుకొని ఉరికిన. వాడకమే కాపాడుతదని పొద్దంత మీతోటి కొట్లాడిన గదా, వాడుకున్న వస్తువులనే మొదట కరగబెట్టుకున్నం.

ఆయన: (కాసేపు మౌనం) నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మ పోయాక ఆమె రాగి చెంబు, తపేలా తెచ్చి మన హాల్లో అద్దాల బీరువాలో పెట్టాను గుర్తుందా? పోయినేడు దీపావళికి తీసి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము. భద్రంగా ఉందనుకున్నాను. పదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

వెనకగదిలో దెబ్బలు ఆగాయి. పనివాడు రేకును తిప్పి మళ్లీ నిప్పు మీద పెట్టాడు. ఎక్కువసేపు కొట్టిన ఇత్తడి గట్టిపడి పగుళ్లిస్తుంది. కాసేపు కాల్చి మెత్తబరచాలి. మళ్లీ కొట్టాలి.

ఆమె: వాడినా పోతది. దాచినా పోతది. మరి ఏది ఉంటది?

ఆయన: కళాయి పెట్టించింది.

ఆమె: ఏమన్నరు?

ఆయన: చిన్నప్పుడు మా వీధిలోకి ఏడాదికోసారి కళాయివాడు వచ్చేవాడు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే విషమౌతుందని అమ్మ అన్నీ బయట పెట్టేది. అతను తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు. నల్లటి లోపలి భాగం వెండిలా తెల్లబడేది. గిన్నె వాడాలంటే ఏడాదికోసారి ఆ పూత ఉండాలి. ఆ పూత వేయించాలంటే వాడుతూ ఉండాలి. నువ్వన్నదీ నేనన్నదీ ఒకే గిన్నెకు లోపల, బయట.

ఆమె: చెరువుకు పూడిక తీసినట్టు. మిర్చికి విత్తనం ఏరినట్టు.

ఆయన: గుట్టకు కాపలా పెట్టినట్టు. శాసనానికి నకలు తీసినట్టు. ఎవరో ఒకరు ఏడాదికోసారి దాని దగ్గరికి వచ్చి, బాగుందా అని చూడాలి. మ్యూజియంలో ఆ మనిషి లేకపోతే అది గోదాము. ఇంట్లో ఆ మనిషి లేకపోతే స్టీలు సామానువాడు గుమ్మంలోనే ఉంటాడు.

ఆమె డిక్కీ తెరిచి గోనెసంచి విప్పారు. చిన్నమ్మ ఇచ్చిన సర్వ. అడుగు మసితో నల్లగా ఉంది, అంచు ఒకచోట సొట్ట పడింది. దుకాణంలోని పెద్దాయన దాన్ని వెలుగులో తిప్పి, వేలి కణుపుతో తట్టి, మోత విన్నారు. సొట్ట తాను తీయగలనన్నారు. కళాయికి మాత్రం జనగామలో అడగమన్నారు, పట్టణాల్లో కూడా ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు అరుదయ్యారని చెబుతూ.

ఆయన: ఇంటికెళ్లాక దీన్ని బీరువాలో పెడదామని పొద్దున అనుకున్నాను.

ఆమె: నాకు తెలుసు. అందుకే గోనెసంచిల చుట్టి దాచిన. వచ్చే ఆదివారం దీంట్లనే సర్వపిండి చేస్త. పులుపు తగలదు గదా, దానికి కళాయి లేకున్నా నడుస్తది. కళాయి పెట్టించినంక పులుసు.

ఆయన: చెయ్యి. ఒక్క షరతు. ముందు నాకు ఒక చిన్న కార్డు రాయనీ. ఎవరిది, ఏ ఊరు, ఎన్ని తరాలు వాడారు, కళాయి ఎప్పుడు పెట్టించాం. వంటింటి అరలో గిన్నె పక్కనే ఉంచుతాను. అద్దం వద్దు.

ఆమె: రాయండి. నేను చెప్త, మీరు రాసుకోండి. మా చిన్నమ్మ వాళ్ల అత్తది. ఇనుగుర్తి నుంచి పెండ్లికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది...

ఆయన జేబులోంచి పెళ్లి శుభలేఖ తీసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట రాయడం మొదలుపెట్టారు. ఎవరిది, ఏ ఊరు, అన్నీ సాఫీగా సాగాయి. ‘దేనికి వాడేవారు’ అన్న వరుస దగ్గర కలం ఆగింది.

ఆయన: తపాలచెక్కకు.

ఆమె: సర్వపిండికి.

వెనకగదిలో మళ్లీ సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.